పద్నాలుగో అంతస్తు చున్నీ

చేపల వేట మానుకుని కూతుర్ని చూడ్డానికొచ్చిన పోలిరాజు మద్దిలపాలెంలో కాలేజీ హాస్టల్ గేటు ముందు తలెత్తి నిలబడ్డాడు. పద్నాలుగో అంతస్తు అద్దం వెనక తులసి కనిపించింది. నాన్నను చూసి చెయ్యి ఊపింది.

"సూసేసినావు కదా, ఇంక ఎల్లు మావా," అన్నాడు సెక్యూరిటీ. "పరీక్షలయ్యేదాకా ఎవుల్నీ కలవనివ్వరు. ఫోన్లు కూడా ఇవ్వరు."

పైన తులసి చున్నీ తీసింది. రెండు చేతులా పట్టుకుని తలమీద ఇటూ అటూ ఊపడం మొదలెట్టింది. ఎంతకీ ఆపదే!

సెక్యూరిటీ నవ్వాడు. "నాన్నొచ్చినాడని ఎంత సంబరమో సూడు!"

పోలిరాజు నవ్వలేదు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయి పడవలోకి నీళ్లొస్తుంటే, చొక్కా విప్పి ఊపేది ఇలాగే. చిన్నప్పుడు ఒడ్డున కూర్చోబెట్టి తులసికి తనే నేర్పాడు. గుడ్డ ఊగిందంటే ఎవరి పడవైనా సరే, వల వదిలేసి వెళ్లాల్సిందే.

"గేటు తియ్యి బాబూ! నా పిల్ల మునిగిపోతంది!"

"పద్నాలుగో అంతస్తులో మునిగిపోడమేటి మావా? గేటు తీత్తే నా ఉజ్జోగం పోద్ది."

పోలిరాజు గేటు పట్టుకుని ఊపాడు. కూతుర్ని పేరుపెట్టి అరిచాడు. ఆ అరుపు బస్సుల హారన్లలో కలిసిపోయింది. పైన చున్నీ ఊగుతూనే ఉంది.

చివరికి భుజం మీది తువ్వాలు తీసి, తలపైకెత్తి గుండ్రంగా తిప్పాడు. చూశాను, వచ్చేస్తున్నాను అని దానికర్థం.

చున్నీ ఆగింది.

తులసి నమ్మేసింది.