పళ్లెంలో మారిన సలహాదారు

మచిలీపట్నం ఎదుట సముద్రంపై తేలియాడే కాలనీలో మంచినీటి సంఘం సమావేశానికి మొదట అధ్యక్షులు పరాంకుశంగారు, పిమ్మట ఆయన మేనకోడలూ కార్యదర్శీ అయిన హైమావతి, చివరగా తూర్పు వరుస ప్రతినిధి ఇస్మాయిల్ హాజరయ్యారు. ముగ్గురి చెవుల్లోనూ సలహా యంత్రాలున్నాయి. ఎప్పుడూ వాదులాడే ఇస్మాయిల్ ఆనాడు ప్రతి మాటకూ తలూపుతుంటే హైమావతికి అనుమానం కలిగింది.

కాఫీ వేళ యంత్రాలు తీసి పళ్లెంలో పెట్టడం అక్కడి ఆనవాయితీ. పెళ్లింట చెప్పులు మారినట్టు, తిరిగి పెట్టుకోవడంలో ఆమె చెవిలోకి మేనమామ యంత్రం చేరింది.

"తూర్పు వరుస నీళ్లలో సగం పడమటి వరుసకు మళ్లించండి. అక్కడి ఓట్లు మీకే. ఇస్మాయిల్ చెవిలోనిదీ మన మనిషే" అంది ఆ యంత్రం.

తనకు ఇల్లూ, పదవీ ఇప్పించినది ఈ మేనమామే. తూర్పున మూడు వందల కుటుంబాలున్నాయి.

"ఏమ్మా, కొయ్యబారిపోయావేం? తీర్మానం రాసుకో" అన్నారాయన, కాఫీ గ్లాసు దింపకుండానే.

"మావయ్యా, మీ యంత్రం నా చెవిలో ఉంది. ఇస్మాయిల్‌గారూ, మీది తీసేసి ఓటెయ్యండి."

ఇస్మాయిల్ తీసి బల్లమీద పడేశాడు. "పొద్దుటినుంచీ సరే అనమని ఒకటే పోరమ్మా!"

"సొంత మనిషివనుకున్నాను" అన్నారు పరాంకుశంగారు.

తీర్మానం వీగిపోయింది. 'తూర్పు వరుస నీటిని కాపాడిన కార్యదర్శి హైమావతిగారికి ఈ సంఘం సగౌరవంగా కృతజ్ఞతలు తెలుపుతున్నది' అని మినిట్సు పుస్తకంలో రాసిన వాక్యం కింద, ఆనవాయితీ ప్రకారం, అధ్యక్షులే సంతకం చేశారు.