సాక్షి దీపం

ఆదివారం రమ్మీ పోటీలో భార్యాభర్తలను ఒకే బల్ల దగ్గర కూర్చోనివ్వడం మర్యాద కాదు. ఆడేవాళ్లలో ఏ ఇద్దరికైనా మాట లేకుండానే ఒకరి మనసు ఒకరికి తెలిసిపోతే కుమ్మక్కే అంటూ, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ బల్ల మీద వేలాడే సాక్షి దీపం ఎర్రగా వెలుగుతుంది.

వామనరావు, హైమవతి దంపతులకు మాత్రం మినహాయింపు. పన్నెండేళ్లుగా కలిసి ఆడుతున్నా వాళ్లకు ఆ దీపం ఒక్కసారీ వెలగలేదు. "మాలాంటి నిజాయితీపరులు ఈ అపార్టుమెంటులోనే లేరండీ," అని వామనరావు గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ రోజు పోటీ పార్వతమ్మ ఇంట్లో. వాళ్ల బల్ల దగ్గర ఎదురు ఫ్లాటు చిదంబరం ముక్క తీయబోయి ఆగాడు. అదే క్షణంలో, తల వంచుకుని ఉన్న హైమవతి చెయ్యీ ఆగింది. దీపం ఎర్రబడింది.

"ఏంటి హైమా, సైగలా?" అంది పార్వతమ్మ.

"ఒట్టు వదినా, చిదంబరంగారి వైపు చూడనైనా లేదు."

అది నిజమేనని పక్కనే ఉన్న వామనరావుకు తెలుసు.

పద్ధతి ప్రకారం హైమవతి, చిదంబరం ఇద్దరూ ఆట వదిలి లేచారు. దీపం ఆరిపోయింది.

"మా ఇద్దరికీ ఎప్పుడూ వెలగలేదండీ," అన్నాడు వామనరావు అలవాటుగా. ఆ మాట అతనికే మొదటిసారి వినబడింది.