విడిపోని ఈస్ట్

“అక్కా, ఇది సార్ ఈస్ట్ కాదు!”

పరిశోధక విద్యార్థిని మైక్రోస్కోప్ మీంచి తలెత్తి అన్న ఆ ఒక్క మాటకు ల్యాబ్ అక్క చేతిలో ఉన్న గాజు పలకల పెట్టెను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

“నీ మొహం! గొట్టం మీద సార్ చేతిరాత కనపడట్లేదా?”

“రాత సార్‌దే. లోపలున్నదే వేరు. సార్ ఈస్ట్‌లో కణాల్ని విడదీసే మయోసిన్ ఉండదు కదా, ఈ కణాల గుత్తులు ఎంత ఊపినా విడిపోకూడదు. ఒక చుక్క మందు వేసి ఊపానో లేదో, దేనికది విడిపోయింది. ఇవి ఊరికే ఒకదానికొకటి అంటుకున్నవి. ఏ బేకరీలోనో దొరికే రకం.”

ఏ బేకరీలోనో కాదు, వీధి చివర బేకరీలోదే. ఆ సంగతి తన ఒక్కదానికే తెలుసని ల్యాబ్ అక్క నమ్మకం.

“మధ్యాహ్నం దీన్ని, ఈస్ట్ రకాలు భద్రపరిచే కేంద్రానికి సార్ పేరుతో పంపాలి. అబద్ధం పంపితే ఆయన పేరే పోతుంది. సార్ రాగానే చెప్పేస్తాను.”

“నీకు పుణ్యముంటుంది, నువ్వు నోరు మెదపకు తల్లీ. చెప్పాల్సింది నేను.”

అనైతే అంది గానీ, ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు. ల్యాబ్ కొత్త భవనానికి మారుతోంది. గదినిండా అట్టపెట్టెలే. పాత ఫ్రీజర్ ఒక్కటే మూల మిగిలింది. దాని తలుపు మీద సార్ స్వయంగా రాసి అంటించిన కాగితం ఇంకా ఉంది: ‘ఇందులో తినే వస్తువులు పెట్టరాదు.’ ఒకసారి అందులో ఎవరిదో అన్నం డబ్బా దొరికితే, డబ్బాతో సహా చెత్తబుట్టలో పారేసిన మనిషి ఆయన.

ఆమె ఉద్యోగంలో చేరిన మొదటిరోజు సీసాలు కడగమంటారనుకుంటే, సార్ పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. “చూడమ్మా. తల్లి కణానికి పక్కన చిన్న మొగ్గ వస్తుంది. అదే పిల్ల. అది పెరిగాక ఇద్దరికీ మధ్య, మెడ దగ్గర, ఒక ఉంగరం తయారవుతుంది. సంచి మూతి తాడు లాగినట్టు ఆ ఉంగరాన్ని బిగించే కూలీలు మయోసిన్లు. మనం ఆ కూలీల్ని తీసేశాం.”

“మరి పిల్ల ఎట్లా విడిపోతుంది సార్?”

“విడిపోదు. తల్లిని పట్టుకునే ఉంటుంది.”

ఆ ఏడే బళ్ళో వేసిన కూతురు గేటు దగ్గర ఆమె చెయ్యి వదిలేది కాదు. అందుకే ఆ గుత్తుల్ని చూడగానే కళ్ళు చెమర్చాయి. ఎంత మంచి రోజులవి! సాయంత్రం ఐస్‌క్రీం బండి గంట మోగితే చాలు, అంత పెద్దమనిషీ మెట్లు రెండేసి చొప్పున దిగేవారు. తర్వాత్తర్వాత అదీ మానేశారు. అడిగితే “గొంతుకు పడట్లేదమ్మా” అనేవారు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఒక సోమవారం ఆమె వచ్చేసరికి ఫ్రీజర్ తలుపు ఓరగా తెరిచి ఉంది. కింద నీళ్ళ మడుగు. శనివారం ఆఖరున తలుపు వేసింది తనే. మిగతా ఈస్టులు గట్టిపిండాలు, తట్టుకున్నాయి. సార్‌వి మొదటే అర్భకాలు, ఒక్కటీ బతకలేదు. జాగ్రత్త కోసం దాచిన రెండో గొట్టం కూడా అదే ఫ్రీజర్‌లో ఉంది మరి. వాటి మీద పరిశోధన అప్పటికే ముగిసినా, వాటిని తయారుచేసిన తేదీన ఏటా ఒకసారి చూసుకుని మురిసిపోవడం ఆయనకు అలవాటు. ఆ ముచ్చట చెడగొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. గుత్తులు కట్టే బేకరీ ఈస్ట్ తెచ్చి గొట్టంలో నింపింది. అప్పటినుంచీ ఆ తేదీ వస్తోందంటే నిద్ర పట్టేది కాదు.

ఇవాళే ఆ తేదీ. సార్ రానే వచ్చారు. రిటైరై ఏడేళ్ళయినా అదే నడక. “ఏమ్మా, మనవాళ్ళు కులాసాయేనా?” అంటూ తిన్నగా వెళ్ళి మైక్రోస్కోప్ మీదికి వంగారు. విద్యార్థిని మందు వెయ్యకుండా పెట్టిన కొత్త పలకలో గుత్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

“అబ్బ! తల్లీ పిల్లా ఎట్లా పట్టుకున్నాయో చూడు.”

ఇక ఆమె వల్ల కాలేదు.

“సార్, అవి మనవి కావు. బేకరీవి. ఆ సోమవారం మనవన్నీ చచ్చిపోయాయి. మీ మొహం చూసి చెప్పలేకపోయాను.”

సార్ తల ఎత్తలేదు.

“తెలుసమ్మా. మొదటి ఏడే తెలుసు.”

“తెలుసా! మరి ఇన్నేళ్ళూ ఎందుకు చూశారు సార్?”

“అంత ఆపేక్షగా చూపిస్తుంటే చూడకుండా ఎట్లా ఉంటాను?”

ఆమెకు ఏడుపు ఆగలేదు. “నన్ను నాలుగు తిట్టినా బాగుండేది సార్. ఆ శనివారం నేను తలుపు సరిగ్గా వేసుంటే...”

“నువ్వు సరిగ్గానే వేశావు. ఆదివారం వచ్చి తీసింది నేను.”

“ఆదివారమా? ఆదివారం మీకు ఫ్రీజర్‌తో ఏం పని సార్?”

సార్ మెల్లగా తలెత్తి, ఫ్రీజర్ తలుపు మీద తను అంటించిన కాగితం వంక చూసి, గొంతు బాగా తగ్గించి అన్నారు.

“దాచుకున్న ఐస్‌క్రీం తిందామని.”