ఉస్తాద్ చెయ్యి పడాలి

"జర నా బండి ఇనుండ్రి ఉస్తాద్. రేపే గదా పందెం," అంటూ ఇమ్మానుయేల్ తన స్కూటరును ఫకీర్ షెడ్డు ముందు స్టాండేశాడు.

గద్వాల మెకానిక్కుల్లో అదొక పద్ధతి. శిష్యుడు ఎదురుగా సొంత షెడ్డు పెట్టుకున్నా సరే, పందేనికి ముందు రోజు బండిని ఉస్తాద్‌కు వినిపించాలి. ఉస్తాద్ చెయ్యి పడ్డాక ఆ కార్బొరేటర్‌ను ఇంకెవరూ విప్పకూడదు.

"స్టార్ట్ చెయ్," అన్నాడు ఫకీర్, కూర్చున్నచోటి నుంచి కదలకుండానే.

అది పాత టూ స్ట్రోక్ బండి. ఇమ్మానుయేల్ దానికి సిలిండర్ తొలిపించి, సైలెన్సర్ మార్చి, పెద్ద కార్బొరేటర్ వేశాడు. అట్లా మార్చిన ఇంజనుకు పెట్రోలు లెక్క కుదర్చడం మాటలు కాదు. ఫకీర్ బండీ అచ్చం అలాంటిదే, అదే కార్బొరేటర్. కానీ అది పైస్పీడులో దగ్గుతోంది, ఎంత తిప్పలు పడ్డా దారికి రావడం లేదు.

ఇమ్మానుయేల్ బండి దగ్గలేదు. ఎక్కడా తడబాటు లేదు. ఫకీర్ ప్లగ్గు విప్పి చూశాడు. బాగా మరిగిన చాయ్ రంగులో ఉంది, పెట్రోలు లెక్క సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు. ఇంతకన్నా బాగా తనకూ రాదు. ఆ సంగతి తెలిసినవాడు ఆ వీధిలో తనొక్కడే కావడం ఇంకా కడుపు మండించింది.

పంక్చరు కోసం వచ్చి కూర్చున్న భీమయ్య ఫోన్లో ఎవరితోనో చెబుతున్నాడు. "యాడున్నవంటే ఏం చెప్పాలె? ఇమ్మానుయేల్‌కు పని నేర్పిన ఫకీర్ లేడూ, ఆయన కాడ ఉన్న."

మొన్నటిదాకా 'ఫకీర్ దగ్గర నేర్చుకున్న ఇమ్మానుయేల్' అనేవారు. ఆ మాట ఎప్పుడు తిరగబడిందో ఫకీర్‌కు తెలియలేదు. పైగా పందెంలో కొత్తగా గెలిచినవాడి మెడలో కిందటేడు గెలిచినవాడే దండ వేయాలి. కిందటేడు గెలిచింది ఫకీర్. ఊరందరి ముందు తన చేతులతో వీడి మెడలో దండ వేయడం తలుచుకుంటేనే ఒళ్లు మండిపోయింది.

"జెట్టు జర సరిజెయ్యాలె," అన్నాడు.

ఇమ్మానుయేల్ మొహం చిన్నబోయింది. "తప్పుందా ఉస్తాద్?"

"ఎండలు ముదిరినయ్ గదా. నేను చూస్త. నువ్వు పోయి చాయ్ పట్కరా."

వాడు వీధి మలుపు తిరగగానే ఫకీర్ కార్బొరేటర్ అడుగు విప్పాడు. మెయిన్ జెట్టు అంటే నడుమ సన్నటి బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క, అంతే. యాక్సిలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు పెట్రోలు అందులోంచే పోవాలి. టూ స్ట్రోక్ బండికి పెట్రోలుతోపాటే ఆయిలూ పోతుంది. బెజ్జం సన్నదైతే పిస్టన్‌కు తడి అందదు, కాసేపటికి ఇంజను పట్టేస్తుంది. మెల్లగా నడిపితే మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు.

డబ్బాలో వెతికి సన్న జెట్టు బిగించాడు. పాతది జేబులో వేసుకున్నాడు.

"మీకు చక్కెర తక్కువేయించిన," అంటూ ఇమ్మానుయేల్ గ్లాసు అందించాడు.

"అయిపోయింది. ఇంక దీన్ని విప్పకు."

"మీ చెయ్యి పడ్డంక నేనెందుకు విప్పుత ఉస్తాద్?" వాడి మొహం వెలిగిపోయింది. ఆపైన నసిగాడు. "నిన్న మీ బండి పోతుంటే విన్న. జర దగ్గుతుంది..."

"నా బండి సంగతి నీకెందుకురా?" అన్నాడు ఫకీర్. చాయ్ సగం తాగి వదిలేశాడు.

తెల్లారి అయిజ రోడ్డు పక్క కాలువ కట్ట మీద జనం పోగయ్యారు. ఫకీర్ బండి నిలబెట్టి, భీమయ్యతో టిఫిన్ చేసి వచ్చేసరికి ఇమ్మానుయేల్ తమ ఇద్దరి బండ్ల మధ్య గొంతుకూర్చుని ఉన్నాడు, చేతిలో పానా. ఫకీర్ గబగబా దగ్గరికి నడిచాడు.

"ఏం చేస్తున్నవ్‌రా? విప్పొద్దన్న గదా."

"విప్పలే ఉస్తాద్, ఒట్టు. జర బిగించిన, గంతే," అంటూ వాడు చేతులు తుడుచుకుని నవ్వాడు. ఫకీర్‌కు ప్రాణం లేచొచ్చింది.

భీమయ్య తువ్వాల ఊపాడు. బండ్లు కదిలాయి. కట్ట మీద కాస్త దూరం పోగానే ఫకీర్ అందరికన్నా ముందున్నాడు. ఇవాళ బండి దగ్గడం లేదు. ఇంజను కూడా తన పరువు ఎరుగుననుకున్నాడు. అద్దంలో ఇమ్మానుయేల్ వెనకబడిపోతూ కనిపించాడు.

అప్పుడు వినబడింది, సన్నగా, పొడిపొడిగా ఒక గీరుడు. తడి అందని పిస్టన్ చప్పుడు. ఆ చప్పుడు కోసమే రాత్రంతా ఎదురుచూశాడు. "మొదలైంది బిడ్డా నీకు," అని నవ్వుకుంటూ యాక్సిలేటర్ ఇంకా తిప్పాడు.

తన కిందున్న బండి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. క్లచ్ పట్టేలోపే బండి అడ్డం తిరిగింది. ఫకీర్ ఎగిరి కంకర మీద పడ్డాడు, కాలు బండి కింద ఇరుక్కుంది. మిగతా బండ్లు దుమ్ము లేపుకుంటూ దాటిపోయాయి. ఒక్కటి మాత్రం ఆగింది.

ఇమ్మానుయేల్ పందెం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. బండిని పక్కకు లాగి, ఉస్తాద్ తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంజను పట్టేసింది ఉస్తాద్... ఎట్లయితది గిట్ల?" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఈ ఏడు గూడ మీరే గెలవాలని, మీ చేత్తో సరిజేసిన నా కార్బొరేటర్‌నే గదా పొద్దుగాల మీ బండికి బిగించిన."