జల్లెడలో ఆగినవి

"ఈ రోజుతో మీ జల్లెడకు మా బజారులో చోటు లేదమ్మా," అన్నాడు నాణ్యత విభాగం పెద్ద, కుర్చీలోంచి కదలకుండానే.

ఆ బజారుకు వీధి లేదు, కొట్లు లేవు. కంప్యూటర్లకు తగిలించుకునే చిన్న చిన్న ప్లగిన్లను అమ్మే వెబ్‌సైటు అది. ఎవరి ప్లగిన్ ఉండాలో, ఎవరిది ఊడాలో ఈ గదిలోనే తేలుతుంది.

ఎదురుగా నిలబడ్డది ఒక అన్న, ఒక చెల్లెలు. జల్లెడ అనే ప్లగిన్‌ను రాసింది చెల్లెలు. వాడేవాళ్ళ ప్రశ్నలకు జవాబులిచ్చేది అన్న. వచ్చే మెయిళ్ళలో పనికిమాలినవి ఏరి పక్కన పెట్టడం జల్లెడ పని. ఇద్దరి ఇళ్ళూ దాని మీదే నడుస్తున్నాయి.

"మేం చేసిన తప్పేంటి సార్?"

"మీ ప్లగిన్ సరిగా పనిచెయ్యట్లేదని మెయిళ్ళు పెట్టి ఎన్నిసార్లు హెచ్చరించినా ఉలుకూ పలుకూ లేదు. మాకే జవాబివ్వనివాళ్ళు కొనుక్కున్నవాళ్ళకేం ఇస్తారు?"

"వచ్చాయా అన్నయ్యా?"

"ఒట్టు, ఒక్కటీ రాలేదే!"

అన్న అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాడు. వెతికి వెతికి నాలుక కరుచుకున్నాడు. హెచ్చరికలన్నీ జల్లెడ పక్కన పెట్టినవాటిలో భద్రంగా ఉన్నాయి.

"మెయిలు పైన 'చివరి హెచ్చరిక, వెంటనే స్పందించండి' అని పెట్టారు సార్," అంది చెల్లెలు నెమ్మదిగా. "లాటరీ తగిలిందనేవాళ్ళూ, ఖాతా మూసేస్తామనేవాళ్ళూ అలాగే రాస్తారు. వెంటనే, అత్యవసరం లాంటి మాటలు కనబడితే జల్లెడ నమ్మదు."

"అంటే నేను మోసగాణ్ణా?"

"అయ్యో, మిమ్మల్ని అనట్లేదు సార్. మీ మెయిలుకు ఆ పోలికలొచ్చాయంతే," అన్నాడు అన్న.

పెద్దకు నవ్వు రాలేదు.

"పోనీ, మేం రాసినవి మీరు చూశారా సార్?" చెల్లెలు అడిగింది. "మీరు బజారు పద్ధతులు మార్చినప్పుడల్లా మా ప్లగిన్ మొరాయిస్తోంది. సాయం చెయ్యమని, 'అత్యవసరం' అని పెట్టి మరీ రాశాం."

"నాకేమీ రాలేదు. అసలు ఈ ఏడాది ప్లగిన్లు రాసేవాళ్ళ నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. మేం చేసే సాయం అలాంటిది." బల్ల మీది ఇత్తడి షీల్డును ఆమెకు కనబడేలా తిప్పాడు. "ఊరికే ఇచ్చారా ఇది?"

గదిలో ఫైళ్ళ మీద, కిటికీ మీద, ఆఖరికి ఫోను మీద కూడా దుమ్ముంది. షీల్డు మీద మాత్రం లేదు.

"కాస్త గడువివ్వండి సార్. మీ మెయిళ్ళను ఆపకుండా సరిచేస్తాను."

"మీకిస్తే అందరూ అడుగుతారు. నాణ్యత అన్నాక మొహమాటాలుండవు."

"అయితే ఒక్క మాట వినండి. బజారులోంచి తీసేస్తే, వాడుతున్న ప్రతి కంప్యూటర్లోనూ జల్లెడ ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ పక్కన పెట్టినవన్నీ ఒక్కసారిగా వాళ్ళ నెత్తిన పడతాయి. బెంబేలెత్తిపోతారు సార్, పాపం."

"పడనివ్వమ్మా. నాకేం?"

పెద్దాయన మీట నొక్కాడు. జల్లెడ పేరు బజారులోంచి చెరిగిపోయింది.

చెల్లెలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్న ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, "పద తల్లీ, ఇంకేదో రాద్దాం," అంటూ తలుపు దాకా నడిచాడు.

వెనక పెద్దాయన కంప్యూటర్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆ తర్వాత ఇక ఊపిరి తీసుకోలేదు.

"ఇదిగో, ఒకసారి ఇలా రండి! ఏమైంది దీనికి?" పెద్దాయన గొంతు మారిపోయింది.

తెర మీద మెయిళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగుతున్నాయి. 'అత్యవసరం: మా ప్లగిన్ పనిచెయ్యడం లేదు.' 'వెంటనే సాయం చెయ్యండి.' 'ఇంకెన్నిసార్లు రాయాలి? అత్యవసరం!' పెద్దాయన ఒక చేత్తో కంప్యూటర్ నోరు నొక్కబోయాడు. రెండో చెయ్యి షీల్డు మీద పడింది.

అన్న వంగి, తెర మూలన వెలిగిన చిన్న గడిలో 'జల్లెడ ఆగిపోయింది' అని చదివాడు.

"చెల్లీ, సారు మన పాత కస్టమరేనే!" అని, పెద్దాయన వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "జల్లెడ ఆగిపోతే మా సపోర్టుకు ఒక్క ముక్క రాయండి సార్, నేనే జవాబిస్తాను. 'అత్యవసరం' అని మాత్రం పెట్టకండి."