మంచు మీద రాళ్లు

వెర్నర్ కొత్తగా కొన్న, మంచుకి బొక్కలు పెట్టే బరమా పళ్లు రెండు ఊడిపోయాయి.

"రాయి! మంచు మీద రాయేంటి, నా ఖర్మ కాకపోతే!" అని గడ్డకట్టిన చెరువు మీద నిలబడి గంతులేశాడు.

ఒడ్డున నిలబడ్డ అతని పొరుగు ఐలీకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ ఒడ్డు ఆమెది. దాని మీది ఆరు చెక్క ఇళ్లూ ఆమెవే. ఒకప్పుడు వాలై చేప కోసం మినియాపొలిస్ నుంచి జనం వచ్చి, ఆ ఇళ్లలో వారాల తరబడి దిగేవారు.

ఇప్పుడు చెరువులో వాలై లేనట్టే. ఎక్కడ గాలం వేసినా వేలెడంత చేపలే. చేపల శాఖ వాళ్లు ఏటా వాలై పిల్లల్ని తెచ్చి వదిలి వదిలి, ఇక్కడ గుడ్లు బతకవని తేల్చి, మూడేళ్ల కిందట మానేశారు. వాలై తిరిగి రాకపోతే ఆ ఇళ్లు అమ్ముకోవడం తప్ప ఐలీకి దారి లేదు.

అలాంటి చెరువుకి రెండు చలికాలాలుగా ఒక ముసలాయన రోజూ వస్తున్నాడు. ట్రక్కు ఆపుతాడు. స్లెడ్జి అనే చక్రాల్లేని బండి మీద బరువేదో వేసి, గుడ్డ కప్పి, వాగు కలిసే వైపు లాక్కుపోతాడు.

రోజూ అదే చోటికి.

మా ఈ ఉత్తరపు చలి సీమలో ఎవడైనా మంచు మీద రోజూ ఒకే చోటికి పోతున్నాడంటే దానికి ఒకటే అర్థం. అక్కడ చేప ఉంది, వాడు చెప్పడం లేదు.

అందుకే ముసలాయన లేనప్పుడు చూసి వెర్నర్ అక్కడ గాలం వేయడానికి ఏడు బొక్కలు పెట్టాడు. ఏడింటిలోనూ ఏమీ లేదు. ఎనిమిదోది పెడుతుంటే కొత్త మంచు కింద దాగిన రాయి తగిలింది.

అంతలో ముసలాయన రానే వచ్చాడు.

"ఏమయ్యా పెద్దాయనా, ఆ స్లెడ్జిలో ఏముంది?" అడిగింది ఐలీ.

"రాళ్లు."

"ఎవరికి?"

"చేపలకి."

"విన్నావా ఐలీ! చేపలకి ఫలహారం తెచ్చాడట!" వెర్నర్ ఒళ్లు మండి అరిచాడు. "అందరం వెర్రివాళ్లలా కనిపిస్తున్నామా నీకు?"

"మంచు కరిగితే వాటంతటవే అడుక్కి దిగుతాయమ్మా," అన్నాడు ముసలాయన ఐలీ వైపు తిరిగి. "ఇంకా సగమే అయింది."

"దిగి నా పడవల అడుగులు చీలుస్తాయి! వచ్చే నలుగురూ రాకుండా పోయారు, ఉన్న నాలుగు పడవలూ పోవాలా? చాలు మహానుభావా, ఇక ఈ దారిన రాకు," అంది ఐలీ.

ముసలాయన ఏదో చెప్పబోయాడు. అంతలోనే వంగి స్లెడ్జి తాడు చేతికి చుట్టుకున్నాడు.

"నా పేరు గ్రెన్లీ," అన్నాడు చివరికి. "ఫోన్ పుస్తకంలో ఉంటుంది. మనసు మారితే పిలవండి."

ఐలీ మనసు మారలేదు. మర్నాడే దారికి గొలుసు కట్టించింది.

మూడేళ్లు గడిచాయి. ఇళ్ల ముందు అమ్మకపు బోర్డు లేచింది.

ఆ సెప్టెంబరులో చేపల లెక్క తీయడానికి శాఖ నుంచి డానా అనే అమ్మాయి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం రావడమే కానీ, ఆమెకీ ఆశలేమీ లేవు. పొద్దున్నే వాగు మూతి దగ్గర వల లాగుతూ ఒక్క కేక పెట్టింది.

"ఐలీ గారూ! త్వరగా రండి!"

వలలో జానెడు మించిన వాలై పిల్లలు. ఒకటి కాదు, రెండు కాదు, ముప్ఫై ఒకటి.

"వీటికి రెండేళ్లు," అంది డానా. "మేం పిల్లల్ని వదలడం మానేసి ఆరేళ్లయింది. మిగిలిన ఒకటీ అరా పెద్దవి గుడ్లు పెడితే ఇవి ఇక్కడే పుట్టాయి!"

"గుడ్లు బతకవన్నారు కదమ్మా?"

"బురదలో బతకవు, ఊపిరాడక చస్తాయి. రాళ్ల సందుల్లో బతుకుతాయి." డానా తెడ్డు కిందికి దించి పొడిచింది. టక్కుమంది. "ఎవరో పని తెలిసినవాళ్లే పోశారు. పాత పటాల్లో ఈ వాగు మూతి నిండా గులకరాళ్లే ఉండేవి. మీరు ఈ ఊరు రాకముందే ఎవరో తోడుకుపోయారు. చెరువు చావడం అప్పుడే మొదలైంది."

"తోడినవాడి చేతులు పడిపోను!" అంది ఐలీ.

"ఇంకో రెండేళ్లాగండి, ఇవి గాలానికొస్తాయి. మరికొన్ని రాళ్లు పడితే ఇక ఢోకా లేదు."

వెనకే వచ్చిన వెర్నర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "చేపలకేనని చెప్పనే చెప్పాడు కదా ఐలీ. మనమే వినలేదు."

ఐలీకి సిగ్గుతో తల వాలిపోయింది. బోర్డు పీకి పక్కన పడేసి, తిన్నగా ఇంట్లోకి వెళ్లి ఫోన్ పుస్తకం తెరిచింది.

అవతల ఆడగొంతు పలికింది.

"నాన్న పోయిన ఫిబ్రవరిలో పోయారండి."

ఐలీకి ఏడుపాగలేదు. ఏడుస్తూనే వాలై పిల్లల సంగతంతా చెప్పింది. అవతల ఆవిడ కూడా కాసేపు ముక్కు చీదింది.

"పెరట్లో ఇంకా బోలెడు రాళ్లున్నాయి. అన్నీ ఏరి, కడిగి పెట్టుకున్నారు. పట్టుకెళ్తారా?"

"పట్టుకెళ్తాం తల్లీ! మంచు గట్టిపడనీ, ఊరంతా స్లెడ్జిలు కట్టుకుని వస్తాం." ఐలీ కళ్లు తుడుచుకుంది. "మీ నాన్నగారికి చేపలు పట్టడమంటే అంత ఇష్టమా?"

"జన్మలో గాలం పట్టలేదండి," అంది ఆవిడ మెల్లగా. "నలభై అయిదేళ్ల కిందట మీ వాగు మూతిలో రాళ్లన్నీ తోడి రోడ్డుకి పోసిన కాంట్రాక్టరు నాన్నే."