ట్యూబు మీది పేరు

జీపు తమ వాకిట్లోనే ఆగడం చూసి జయలక్ష్మమ్మ చేతిలోని మల్బరీ ఆకు గంప జారిపోయింది. నంగలి రోడ్డు మీద ఏ జీపు చప్పుడైనా సరే, పోయినేడు నుంచి ఆమెకు గుండె దడే.

“నేత్రా, లోపలికి పో. పిలిచేదాకా రావద్దు,” అంది చెల్లెలితో. నేత్రావతి నడుము పట్టుకుని వెళ్ళి తలుపేసుకుంది.

జీపులోంచి దిగిన అమ్మాయి నేరుగా అరుగు దగ్గరికి వచ్చింది. “నేను డాక్టర్ నమ్రత. పోయినేడు జ్వరంతో మా ఆస్పత్రిలో చేరిన జయలక్ష్మమ్మ మీరే కదా?”

భర్త చెన్నరాయప్ప అడ్డం వచ్చాడు.

“ఈమేనమ్మా. ఇప్పుడు బాగుండాది. ఇంగ దేనికి వచ్చినారు?”

“భయపడొద్దప్పా. ఈమె రక్తంలో ఒక బ్యాక్టీరియా దొరికింది. అంతకుముందు ఎవరూ చూడనిది. కనిపెట్టినామని మా పెద్ద డాక్టర్లందరి పేర్లూ పేపర్లో వచ్చినాయి. ఈమె పేరు మాత్రం యాడా లేదు. నేను ల్యాబులో ఉండేదాన్ని. మనిషిని ఎన్నడూ చూడలేదు, రక్తం ట్యూబు మీద పేరే చూసినాను. ఆ క్రిమికి ఈమె పేరే పెట్టాలని అందరితో కొట్లాడి ఒప్పించినాను.”

జయలక్ష్మమ్మ చేతులు జోడించింది. “నా పేరు వద్దమ్మా. నీకు దండం పెడతాను.”

“దీంట్లో అవమానం ఏముందమ్మా? మీ వల్లే ఆ జ్వరానికి ఏ మందు వెయ్యాలో తెలిసింది.” నమ్రత సంచిలోంచి సూది తీసింది. “ఇంకొంచెం రక్తం ఇస్తే చాలు.”

“రక్తం మాత్రం ఇయ్యదు!” చెన్నరాయప్ప అరిచినంత పని చేశాడు.

నమ్రత తెల్లబోయింది. సూది పక్కన పెట్టి మెల్లగా అంది.

“మీ మంచికే అడుగుతా ఉండాను. ఆ క్రిమి వంట్లోనే దాక్కొంటుంది. ఇదే జ్వరం వేరే ఇద్దరికి తిరగబెట్టి గుండెకు పాకింది. ఆలస్యంగా వచ్చినారు. ఇద్దరూ దక్కలేదు.”

“తిరగబెడితే... ఎట్లా తెలుస్తాది?” అని అడిగింది జయలక్ష్మమ్మ.

“సాయంత్రమైతే చలి. తెల్లారేసరికి ఒళ్ళంతా చెమట. నడుము లేవదు.”

ఆమె చూపు చెల్లెలు మూసుకున్న తలుపు వైపు పోయింది. చెన్నరాయప్ప ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

“చెప్పొద్దు,” అన్నాడు గుసగుసగా. “జైల్లో వేస్తారు.”

ఆమె ఆ చెయ్యి విదిలించుకుని డాక్టరు కాళ్ళ దగ్గర కూలబడింది.

“ఆ రక్తం నాది కాదమ్మా, ఉచిత వైద్యం కార్డు లేదని నా పేరుతో చేర్పించిన మా నేత్రావతిది.”